స్వపరిపాలన రోజున తీసిన తాళం

నాకు కోపం తొందరగా వస్తుంది. మా అత్తగారు పెళ్ళయిన కొత్తలోనే ఈ మాట అనేశారు, ఇన్నేళ్ళలో కాదన్నవాళ్ళు లేరు. కాబట్టి ఒక ఇనుప గేటు మీద నాకింకా కోపం పోలేదంటే వింతేమీ లేదు.

తొంభైల నడిమి సంవత్సరాల్లో శంషాబాద్‌లో, బెంగళూరు రోడ్డు పక్కనున్న ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను సోషల్ చెప్పేదాన్ని. మాది గుంటూరు వైపు. మావారికి కాటేదాన్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం రావడంతో మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయి ఇంట్లో దిగాం. నేను చెప్పబోయే ఏడాది వేసవిలో ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది. ఇంట్లోకి వచ్చే జీతం నాదొక్కటే అయింది. ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగిన ప్రతిదాంట్లోనూ నా కడుపులో ఈ భయం కూర్చునే ఉంది.

అప్పటికి అక్కడ విమానాల ఊసే లేదు. రోడ్డు దాటితే ద్రాక్షతోటలు, రాళ్ళగుట్టలు, మేకలు. మా పిల్లల్లో చాలామంది ఊళ్ళోవాళ్ళే, నడిచి వచ్చేవాళ్ళు. కొందరు మాత్రం పాలమాకుల, పెద్దషాపూర్ వైపు నుంచి షాద్‌నగర్ బస్సులో వచ్చేవాళ్ళు. ఆ బస్సు వచ్చినప్పుడు వచ్చేది. అది ఎక్కే పిల్లలు పొద్దున్నే వెళ్ళి రోడ్డు మీద నిలబడినా, అది షాద్‌నగర్‌లో ఎప్పుడు కదిలితే అప్పుడే వాళ్ళకి బడి.

మా స్కూలు యజమానిని అందరం కరస్పాండెంట్ సార్ అనేవాళ్ళం. ఉండేది అత్తాపూర్‌లో. వారానికి ఒకటి రెండుసార్లు తెల్లకారులో వచ్చి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వెళ్ళిపోయేవారు. మిగతా రోజుల్లో ఆజ్ఞలు ఫోన్లో దిగేవి. ఆ జులైలో దిగిన ఆజ్ఞ ఇది: మొదటి బెల్లు కొట్టగానే గేటుకి తాళం వెయ్యాలి, ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఇంటర్వెల్ దాకా బయటే నిలబడాలి. క్రమశిక్షణట. మమ్మల్ని అడగలేదు, తల్లిదండ్రుల్ని అడగలేదు, హెడ్మాస్టర్ని కూడా అడగలేదు. ఆ బస్సు సంగతి ఆయనకి తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా ఆయనకి ఎన్నడూ వచ్చినట్టు లేదు.

గేటుకీ రోడ్డుకీ మధ్య ఉన్నది కాస్త మట్టి. లారీలు దుమ్ము కొట్టుకుంటూ పోతుంటే పిల్లలు గోడకి అతుక్కుని నిలబడేవాళ్ళు. నేను క్లాసులో పాఠం చెబుతూ లారీ హారన్ వినబడినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని.

పదో తరగతిలో మొదటి బెంచీ పిల్ల ఒకతె ఉండేది. శంషాబాద్ పిల్లే, ముస్లిముల ఇంటి అమ్మాయి. తండ్రికి రోడ్డు మీద వెల్డింగ్ దుకాణం. మా స్కూలు గేటు చేసింది ఆయనే. ఇల్లు కూతవేటు దూరం, ఈ పిల్ల ఏనాడూ లేటుగా రాలేదు. పక్కన కూర్చునే స్నేహితురాలు మాత్రం పాలమాకుల నుంచి బస్సులో వచ్చేది. ఆ జులై నుంచి పొద్దున సగం ఆ పక్క చోటు ఖాళీగానే ఉండేది. ఈ పిల్ల ఆ చోటులో తన సంచీ కూడా పెట్టేది కాదు.

ఆగస్టులో అమెరికా వాళ్ళ స్వాతంత్ర్య పోరాటం పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్నది కొద్ది పేజీలు. నాకు ఇష్టమైన పాఠం కాబట్టి పుస్తకం మూసేసి చెప్పడం మొదలుపెట్టాను. సముద్రానికి అవతల ఇంగ్లండు రాజు, ఇవతల ఆయన మనుషులే వెళ్ళి కట్టుకున్న వలసలు. మొదట్లో వాళ్ళకి రాజంటే గౌరవమే, తాము ఇంగ్లీషువాళ్ళమనే గర్వం కూడా. యుద్ధాల ఖర్చు రాబట్టుకోవడానికి రాజు వాళ్ళ కాగితాల మీద పన్ను వేశాడు. గోల చేస్తే తీసేసి, ఇంకోదాని మీద వేశాడు.

"రాజు ఎన్నడన్న ఆడికి పోయిండా మేడం?" అని అడిగింది మొదటి బెంచీ పిల్ల.

"ఒక్కసారి కూడా పోలేదు."

"మరి ఆడ ఏమైతుందో ఆయనకెట్ల తెలుస్తది?"

"ఉత్తరాలు వెళ్ళేవి. ఓడ వెళ్ళి రావడానికే నెలలు పట్టేది."

"మన సార్ లెక్క," అన్నారెవరో వెనక బెంచీలోంచి. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, వద్దని కూడా అనలేదు.

టీ సంగతి దగ్గరికి వచ్చేసరికి పిల్లలకి చిక్కొచ్చి పడింది. నిజానికి ఆ టీ చవకైంది. మనల్ని ఏలిన కంపెనీయే, గిడ్డంగుల్లో మూలుగుతున్న సరుకుని వాళ్ళకి తక్కువ ధరకి పంపింది. ఆ చవక టీనే ఒక రేవు ఊళ్ళో వాళ్ళు ఓడెక్కి, పెట్టెలు పగలగొట్టి నీళ్ళలో పారబోశారు.

"సస్తాగ ఇస్తే పారబోసుడేంది మేడం?"

"గొడవ ధర గురించి కాదు. చవక టీలో కూడా పన్ను ఉంది. ఆ పన్ను వేసేముందు వాళ్ళని ఎవరూ అడగలేదు. అడగని పన్ను ఒక్కసారి నోరుమూసుకుని కడితే ఇక ఎప్పటికీ అడగరు. అదీ వాళ్ళ కడుపుమంట."

ఆ పిల్ల పెన్ను కొరుకుతూ కాసేపు ఆలోచించింది. "అడిగితే ఇచ్చెటోళ్లా మేడం?"

"ఏమో, ఇచ్చేవాళ్ళేమో. అడిగితే కదా తెలిసేది."

తర్వాత సంగతులు కూడా చెప్పాను. శిక్షగా రాజు ఆ ఊరి రేవు మూయించాడు. మూసింది ఒక్క ఊరి రేవే కదా, మిగతావాళ్ళకేం పట్టిందనుకున్నాడు. వాళ్ళకి పట్టింది. ఎక్కడో దక్షిణాన వరి పండించేవాళ్ళు ఆ ఊరికి బియ్యం పంపారు. "బియ్యమా? ఆడ గూడ బియ్యమేనా?" అని పాలమాకుల పిల్ల నోరు తెరిచింది. ఆమె అప్పుడే ఇంటర్వెల్ అయ్యాక లోపలికి వచ్చింది, జుట్టు నిండా దుమ్ము. ఆ ఊళ్ళు ఒకదానికొకటి కబురు పంపుకోవడం, చివరి అర్జీని రాజు చేతిలోకి కూడా తీసుకోకపోవడం, యుద్ధం, స్వాతంత్ర్య ప్రకటన, అన్నీ చెప్పాను. బెల్లు కొట్టినా పిల్లలు కదల్లేదు. టీచరుకి అంతకంటే ఏం కావాలి? ఆ సాయంత్రం బస్సులో నేను చాలా సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

మర్నాడే వాళ్ళు అర్జీ రాశారు. షాద్‌నగర్ బస్సు వచ్చేదాకా గేటు తెరిచి ఉంచాలని అందులో ఉన్నది ఒక్కటే కోరిక. మా హెడ్మాస్టరు సర్కారు బడిలో రిటైరై వచ్చిన పెద్దాయన, నోట్లో నాలుక లేని మనిషి. అయినా పిల్లల్ని కసురుకోలేదు. "అడగందే అమ్మైనా పెట్టదు బిడ్డా. ఇయ్యుండ్రి, సార్‌కి చెప్త," అన్నారు. చెప్పారు కూడా. సాయంత్రానికి ఫోన్లో జవాబు వచ్చింది. ఇక మీదట లేటైనవాళ్ళు ఇంటర్వెల్ దాకా కాదు, మధ్యాహ్నం బెల్లు దాకా నిలబడాలి. అర్జీలు రాయడానికి టైమున్న పిల్లలకి నిలబడడానికి కూడా టైము ఉంటుందన్నారట.

హెడ్మాస్టరు ఆ మాట మాకు స్టాఫ్ రూములో చెప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మావారితో అంటే, "ఈ పరిస్థితిలో నువ్వు కొరివితో తల గోక్కోకు," అన్నారు. ఆయన అన్నదీ నిజమే. ఆగస్టు ఆఖర్లో ముసురు పట్టింది. బస్సు పిల్లలు ఆ గోడ పక్కన మధ్యాహ్నం దాకా తడిశారు. పాలమాకుల పిల్లకి జ్వరం వచ్చి బడికి రావడం మానేసింది.

అప్పుడే సెప్టెంబరు ఐదు వచ్చింది. టీచర్ల దినోత్సవం రోజున మా బళ్ళలో స్వపరిపాలన జరుపుతాం కదా. పదో తరగతి పిల్లలు ఒక్కరోజు టీచర్లవుతారు, ఒకరు హెడ్మాస్టరు, ఒకరు కలెక్టరు. ఆడపిల్లలు మా చీరలు అడిగి కట్టుకుని, జారిపోతుంటే పిన్నులు పెట్టుకుంటూ చిన్న క్లాసులకి పాఠాలు చెబుతారు. సాయంత్రం సభ పెట్టి, తమ అనుభవాలు చెప్పి, అధికారం తిరిగి ఇచ్చేస్తారు. అంతా ఆటే. మా హెడ్మాస్టరు మాత్రం దాన్ని ఆటగా చూసేవారు కాదు. ఆ రోజు పొద్దున్నే తన కుర్చీ ఖాళీ చేసి, నిజం తాళాలగుత్తి తీసి పిల్లల హెడ్మాస్టరు చేతిలో పెట్టేవారు. ఒక్కరోజైనా నిజంగా ఉండాలి అనేవారు. ఆ ఏడాది హెడ్మిస్ట్రెస్‌గా పిల్లలు ఎన్నుకున్నది మొదటి బెంచీ పిల్లని. చీర నాదే ఇచ్చాను, మా అమ్మ పెట్టిన మంగళగిరి చీర.

తాళాలగుత్తి చేతికొచ్చిన మరుక్షణం ఆ పిల్ల గేటు దగ్గరికి నడిచింది. బెల్లు కొట్టడానికి సిద్ధంగా నిలబడ్డ వాచ్‌మన్‌ని, "తాతా, ఇయ్యాల గేటుకు తాళం లేదు," అంది. ఆయన హెడ్మాస్టరు వైపు చూశాడు. హెడ్మాస్టరు వరండాలో బెంచీ మీద కూర్చుని, "ఇయ్యాల హెడ్మిస్ట్రెస్ ఆమెనే," అన్నారు. ఆ పిల్ల గేటుకి వేలాడుతున్న తాళం తీసి గుత్తి నడుముకు దోపుకుంది. తాళంకప్ప ఏం చేసిందో ఎవరూ గమనించలేదు.

బెల్లు కొట్టి చాలాసేపయ్యాక షాద్‌నగర్ బస్సు ఆగింది. పిల్లలు అలవాటు కొద్దీ తలలు దించుకుని గోడ వైపు నడిచారు. గేటు తెరిచి ఉంది. గేటు మధ్యలో నా చీర కట్టుకుని వాళ్ళ హెడ్మిస్ట్రెస్ నిలబడి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు "గుడ్ మార్నింగ్, లోపటికి రాండ్రి, క్లాసుకు పోండ్రి," అంటోంది. ఒక చిన్నపిల్ల లోపలికి వచ్చి కూడా నమ్మకం కుదరక వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనే ఉన్న లెక్కల మాస్టారు చూడకుండా తుడుచుకున్నాను.

సాయంత్రం సభకి కరస్పాండెంట్ సార్ ముఖ్య అతిథి. పొద్దుటి సంగతి ఆయనకి ఇంకా తెలియదు. పిల్లల టీచర్లు ఒక్కొక్కరూ అనుభవాలు చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. చివర హెడ్మిస్ట్రెస్ లేచి తాళాలగుత్తి హెడ్మాస్టరు చేతిలో పెట్టింది. మైకు ముందుకు వచ్చి చీర కొంగు సర్దుకుంది.

"ఇయ్యాల షాద్‌నగర్ బస్సు పిల్లలు అందరు ఫస్ట్ పీరియడ్ల ఉన్నరు. ఎవరు తడ్వలే. స్కూలుకు నష్టమేం గాలే," అంది. "తాళాలన్ని ఇచ్చేసిన. గేటు తాళం ఒక్కటి ఇస్తలేను."

పిల్లలు కొందరు చప్పట్లకని చేతులు ఎత్తి అలాగే ఆగిపోయారు. సార్ నవ్వుతూనే లేచారు, కార్యక్రమం బాగుందన్నారు, జనగణమన అయ్యేదాకా నిలబడ్డారు. కారెక్కేముందు మాత్రం హెడ్మాస్టరుతో ఏదో అన్నారు. ఆ పెద్దాయన మొహం పాలిపోయింది.

మర్నాడు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. వెళ్ళేసరికి ఆ పిల్ల, వాళ్ళ నాన్న నిలబడి ఉన్నారు. ఆయన పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా మసి. స్కూలు కొత్త గదులకి కిటికీ గ్రిల్స్ పని కూడా ఆయనకే ఇస్తామని అప్పటికి మాట అయ్యింది.

"సోమవారం ప్రేయర్‌లో అందరి ముందు తాళం తెచ్చి ఇచ్చి, తప్పయిందని చెప్పాలి. లేదంటే టీసీ తీసుకెళ్ళండి," అన్నారు సార్. గొంతు పెంచలేదు.

"మాఫ్ చెయ్యుండ్రి సాబ్, పిల్ల గద, ఎరుక లేక చేసింది," అని వాళ్ళ నాన్న చేతులు జోడించాడు. కూతురి వైపు తిరిగి, "దేదే బేటీ, తాళం ఇచ్చెయ్," అన్నాడు. ఆ పిల్ల నేల చూస్తూ నిలబడింది. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు.

టీసీ అంటే ఆ పిల్లకి ఏమిటో ఆ గదిలో సార్‌కి తప్ప అందరికీ తెలుసు. అసలు ఆమెని హైస్కూలుకి పంపడమే వాళ్ళ చుట్టాల్లో చాలామందికి ఇష్టం లేదు. తండ్రి పట్టుబట్టి పంపాడు. పది పాసైతే ఇంటర్ చదివిస్తాను, మధ్యలో ఏ గొడవొచ్చినా ఇంట్లోనే అని చుట్టాలకి మాట ఇచ్చుకున్నాడు. పరీక్షకి పేర్లు పంపే రోజుల్లో పదో తరగతి పిల్లని ఇంకే బడీ చేర్చుకోదు. టీసీతో ఆ పిల్ల చదువు అక్కడికి సరి.

వాళ్ళు వెళ్ళాక సార్ నా వైపు తిరిగారు. "ఈ అమెరికా గొడవ మీరే చెప్పారట. చీర కూడా మీదేనట."

"పాఠం సిలబస్‌లో ఉంది సార్. చీర అందరూ ఇస్తారు."

"చూడమ్మా, మీరు మన వైపు వాళ్ళు. మీరు కూడా ఇలా చేస్తే ఎలా? వీళ్ళని నెత్తికెక్కించుకుంటే మనం ఇక్కడ బతకలేం."

ఆ 'మన' అన్నమాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆ 'వీళ్ళు' ఇంకా ఎక్కువ. వాళ్ళ ఊళ్ళో ఉంటూ, వాళ్ళ పిల్లల మీద బతుకుతూ ఆ మాట! నోటిదాకా వచ్చిన జవాబు మింగేశాను. మావారి ఫ్యాక్టరీ గేటు, దానికి వేలాడే తాళం కళ్ళముందు కనిపించాయి. "సోమవారంలోపు ఆ పిల్లకి నచ్చజెప్పండి," అని పంపించేశారు.

ఆదివారం నేను బస్సెక్కి శంషాబాద్ వెళ్ళాను. వెల్డింగ్ దుకాణం వెనకాలే వాళ్ళ ఇల్లు. వాళ్ళమ్మ టీ ఇచ్చి నా ఎదురుగా కూర్చుంది. వాళ్ళ నాన్న తిండి కూడా సరిగ్గా తినడం లేదట. "మీరు చెప్తె ఇంటది మేడం. పరేషాన్ చేస్తుంది మమ్మల్ని. ఒక్క మాట, మాఫీ అనుమనుండ్రి. జబాన్ అరుగుతదా?" అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది వెల్డింగ్ మంటకో, మరి దేనికో.

ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. "ఇచ్చెయ్యమ్మా. నువ్వు చెప్పాల్సింది అందరి ముందూ చెప్పావు. అందరూ విన్నారు. ఇప్పుడు నీ పది ముఖ్యం."

"పాఠంల వాళ్ళు గిట్ల మాఫీ అడగలే గద మేడం."

"పాఠంలో వాళ్ళకి పదో తరగతి పరీక్ష లేదు."

ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బయటికి వస్తుంటే దుకాణం ముందు మా పదో తరగతి పిల్లలు నలుగురైదుగురు సైకిళ్ళ మీద కనిపించారు. నన్ను చూసి గబుక్కున దిగి నమస్తే పెట్టారు. సెలవురోజు ఇక్కడేం చేస్తున్నారంటే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాలమాకుల పిల్లని చూసి వస్తున్నామన్నారు. అది పూర్తిగా అబద్ధం కాదని తర్వాత తెలిసింది.

సోమవారం ముసురు పట్టి ఉంది. నేను వెళ్ళేసరికి తెల్లకారు లోపల ఉంది. గేటుకి అప్పటికే కొత్త తాళం కొన్నారు, పాతదానికి రెట్టింపు ఉంది, వాచ్‌మన్ చేతిలో వేలాడుతోంది. ప్రేయర్ మైదానంలో మైకు పెట్టారు. సార్ గొడుగు కింద నిలబడ్డారు. టీచర్లం వరసగా నిలబడ్డాం.

పిల్లలు లేరు.

ఉన్నారు, కానీ గేటు బయట. ఊళ్ళో పిల్లలంతా, ఎప్పుడూ లేటుకానివాళ్ళు, గోడ పొడుగునా క్లాసుల వారీగా వరసలు కట్టి నిలబడ్డారు. ఆరో తరగతి ముందు, పదో తరగతి వెనక, ప్రేయర్‌లో నిలబడినట్టే. ఎవరూ అరవడం లేదు. తలల మీద సంచులు పెట్టుకుని తడుస్తున్నారు. వాళ్ళలో వెల్డింగ్ దుకాణం పిల్ల కూడా ఉంది. రోడ్డుకి అవతల, సైకిల్ పట్టుకుని వాళ్ళ నాన్న.

బెల్లు కొట్టారు. వరస కదల్లేదు.

"ఏంటిది?" అన్నారు సార్.

వాచ్‌మన్ తలగోక్కున్నాడు. "షాద్‌నగర్ బస్సు వచ్చేదాక లోపటికి రారట సార్."

"వెయ్యి తాళం."

వేశాడు. గేటుకి అటు బడి మొత్తం, ఇటు మేము. శిక్ష వెయ్యడానికి బయట నిలబెట్టాలి, మరి అందరూ బయటే నిలబడ్డారు. సార్ మొహంలో మొదటిసారి ఏం చెయ్యాలో తెలియని మనిషి కనబడ్డాడు. ఆ వెంటనే కోపం వచ్చింది.

"ఆ అమ్మాయి టీసీ రాయండి. ఇప్పుడే."

హెడ్మాస్టరు జేబులోంచి పెన్ను తీశారు. గేటు వైపు చూశారు. "ఎంతమందికి రాయాలి సార్?" అన్నారు. వెటకారం లేదు ఆ గొంతులో. ఆ మనిషికి వెటకారం రాదు.

"ఒక్కదానికే!"

"ఒక్కదానికి రాస్తే అందరు అడుగుతమన్నరు సార్. పొద్దుగాల చెప్పిన్రు నాకు."

సార్ ఆయన్ని వదిలేసి మా వైపు తిరిగారు. "మీరంతా ఏం చూస్తున్నారు? క్లాసులకి వెళ్ళండి!"

టీచర్లు కదిలారు. నేనూ కదిలాను. పదో తరగతి గది గుమ్మం దాకా వెళ్ళాను. ఖాళీ బెంచీలు, బోర్డు మీద శనివారం తేదీ. ఎవరికి చెప్పను? రోడ్డు మీద బ్రేకు చప్పుడు వినిపించింది, షాద్‌నగర్ బస్సు. బస్సు పిల్లలు దిగుతున్నారు. బయట వరసలు జరిగి వాళ్ళకి చోటిస్తున్నాయి. జ్వరం తగ్గని పాలమాకుల పిల్ల కూడా దిగింది, చెవులకి మఫ్లర్ చుట్టుకుని. బస్సు వచ్చింది కదా, ఇక లోపలికి వస్తామని అందరూ గేటు ముందుకి వచ్చారు. గేటు తెరుచుకోలేదు. సార్ తాళంచెవి జేబులో వేసుకున్నారు.

నాకు కోపం తొందరగా వస్తుందని చెప్పాను కదా. అప్పుడు వచ్చినది మాత్రం తొందర కోపం కాదు, జులై నుంచి దాచుకున్నది. మైదానం దాటి ఆయన ముందు నిలబడ్డాను.

"గేటు తీయించండి సార్, నేను బయటికి వెళ్ళాలి."

"వెళితే మళ్ళీ లోపలికి రావక్కర్లేదు."

"తీయించండి."

ఆయన తాళంచెవి వాచ్‌మన్ మీదకి విసిరారు. ముసలాయన మనిషి పట్టేంత సందు తీశాడు. నేను బయటికి రాగానే వెనక మళ్ళీ తాళం పడింది. ఆ చప్పుడుకి కిరాయి, బియ్యం, మావారి మొహం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

వెల్డింగ్ దుకాణం పిల్ల నన్ను చూసింది. పరుగెత్తుకు రాలేదు, నవ్వలేదు. చేతికున్న వాళ్ళ నాన్న పెద్ద గడియారం చూసుకుంది.

"లేటయిన్రు మేడం," అంది. పక్కకి జరిగి తన వరసలో చోటిచ్చింది.

వెళ్ళి నిలబడ్డాను. నా తర్వాత లెక్కల మాస్టారు వచ్చారు, ఆ తర్వాత ఇంకొందరు. ఆఖర్న హెడ్మాస్టరు వచ్చినప్పుడు వాచ్‌మన్ తాళం తిరిగి వెయ్యలేదు. కాసేపటికి తెల్లకారు మా మధ్యలోంచి హారన్ కొట్టుకుంటూ అత్తాపూర్ వైపు వెళ్ళిపోయింది. పిల్లలు దారిచ్చారు. గేటు తెరిచే ఉంది. షాద్‌నగర్ బస్సు పిల్లలు ముందు, మిగతావాళ్ళు వాళ్ళ వెనక, అందరూ లోపలికి నడిచారు.

ఆ తర్వాత క్షమాపణ మాట గానీ టీసీ మాట గానీ ఎవరూ ఎత్తలేదు. గేటు బస్సు వచ్చేదాకా తెరిచి ఉండేది. అలా ఉండాలని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఊరికే ఉండేది. పిల్లల సంవత్సరం పాడుకాకూడదని హెడ్మాస్టరు బతిమాలితే నన్ను ఏప్రిల్ దాకా ఉండనిచ్చారు, జూన్‌లో రావొద్దన్నారు. కిటికీ గ్రిల్స్ పని ఇంకెవరికో వెళ్ళింది.

పది ఫలితాలు వచ్చిన మర్నాడు ఆ పిల్లా వాళ్ళ నాన్నా మైలార్‌దేవ్‌పల్లి వచ్చారు, మిఠాయి డబ్బా పట్టుకుని. ఆయన లోపలికి వస్తూనే "ఫస్ట్ క్లాస్ మేడం, ఫస్ట్ క్లాస్!" అన్నాడు, ఇంటర్‌కి ఏ కాలేజీ మంచిదని మావారిని అడుగుతూ కూర్చున్నాడు. ఆ పిల్ల నా మంగళగిరి చీర ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది. తీసుకుంటే బరువుగా తగిలింది. మడత విప్పితే తాళంకప్ప ఉంది.

"ఇదేంటే, ఇన్నాళ్ళూ నీ దగ్గరే ఉంచావా? అయిపోయింది కదా, సార్‌కి ఇచ్చెయ్యకపోయావా?"

"ఆయన అడిగిండా మేడం?" అంది. "తేవాలె, ఇయ్యాలె అని ఆర్డరేసిండు. అడిగితే ఆ దినమే ఇద్దును."